రొయ్యల గుంట, హెవీ మెటల్, తిక్కన

(గ్రంథాలయ వారోత్సవాల్లో నెల్లూరులో ఒక రొయ్యల రైతు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం దూరంగా జరపండి సార్. ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టుకు వినపడేలా మాట్లాడే అలవాటు మాది. (నవ్వులు)

లైబ్రేరియన్ గారు ఫోన్ చేసి "మీరు చదివిన పుస్తకాల గురించి ఓ అరగంట చెప్పండి" అన్నారు. నేను ఉన్న మాట చెప్పేశాను. "సార్, నన్ను పుస్తకాల్లోకి ఈడ్చుకొచ్చింది హెవీ మెటల్. దాని సంగతి ఎత్తకుండా పుస్తకాల సంగతి చెప్పలేను" అన్నాను. ఆయన కాసేపు ఆగి, "హెవీ మెటల్ అంటే ఇనప సామాను వ్యాపారమా?" అన్నారు. (నవ్వులు) ఆయన కూడా నవ్వుతున్నారు చూడండి. కానీ ఆ మాటలో కొంత నిజం ఉంది. చాలామంది లెక్కలో ఈ గట్టి రాక్ గిటార్ల సంగీతం మొదలైంది ఒక రేకుల ఫ్యాక్టరీ నుంచే.

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అని ఫ్యాక్టరీల ఊరు. టోనీ అయోమీ అని పదిహేడేళ్ల పిల్లోడు. పగలు రేకుల ఫ్యాక్టరీలో పని, రాత్రి గిటారు. బ్యాండులో చోటు దొరికిందని ఉద్యోగం మానేశాడు. ఆ రోజే ఆఖరి రోజు. ఆ ఆఖరి రోజునే కుడిచెయ్యి మిషన్లో పడి నడిమి వేలు, ఉంగరం వేలు కొసలు తెగిపోయాయి. వాడిది ఎడమచేతి వాటం. అంటే గిటారు మీద తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేత్తోనే. ఇంక అయిపోయిందనుకుని మంచం పట్టినవాడి దగ్గరికి ఫ్యాక్టరీ మేనేజరు ఒక రికార్డు పట్టుకొచ్చి వినమన్నాడు. అది జాంగో రైన్‌హార్ట్‌ది. అగ్నిప్రమాదంలో చెయ్యి కాలి, రెండు వేళ్లతోనే గిటారు వాయించి పేరు తెచ్చుకున్నవాడు. అయోమీ లేచి, గిన్నెలు తోమే లిక్విడ్ సీసా కరగబెట్టి, వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. జారిపోకుండా వాటి మీద తోలు ముక్క అంటించాడు. లావు తీగలు నొక్కితే ప్రాణం పోతోందని సన్నవి వేశాడు. అదీ చాలక కొన్నాళ్లకు తీగలు వదులు చేశాడు. తీగ వదులైతే శ్రుతి కిందికి దిగుతుంది. 1971లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బంలో మనకు వినపడే ఆ బరువంతా ఆ తెగిన వేళ్లదే. నేను ఇప్పటికీ ఎవరైనా "ఒక్క ఆల్బం చెప్పు" అంటే దాని పేరే చెప్తాను. వాళ్లదే 'పారనాయిడ్' ఆల్బం పేరు చెప్పేవాళ్లు ఎక్కువమంది ఉంటారు. వాళ్లతో నాకు గొడవేం లేదు.

ఆ ఆల్బం చేసిన అయోమీ బ్యాండు పేరు బ్లాక్ సబ్బత్. మొదటి ఆల్బం 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం పూట వచ్చింది. వాన చప్పుడుతో మొదలవుతుంది. దూరంగా చర్చి గంట. తర్వాత మూడే మూడు స్వరాలు. ఈ మూడు స్వరాల సంగతి మళ్లీ వస్తుంది, గుర్తు పెట్టుకోండి. ఇక్కడ సంగీతం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్తున్నా: షడ్జమం, పై షడ్జమం, ఆ తర్వాత ప్రతిమధ్యమం. అంతే. షడ్జమానికీ ప్రతిమధ్యమానికీ మధ్య ఉన్న ఈ ఎడాన్ని యూరప్‌లో పాతకాలం వాళ్లు సైతాను స్వరం అన్నారట. మనకేమో మేళకర్తల్లో సగం, ముప్పై ఆరు రాగాలు, ప్రతిమధ్యమం మీదే నడుస్తాయి. కల్యాణి కూడా అందులోదే. వాళ్లకు సైతాను, మనకు కల్యాణి. (నవ్వులు)

నాకు ఈ పిచ్చి పట్టింది 1998లో. ఇంటర్ సెకండియర్. అప్పుడు మా నాయన టైగర్ రొయ్య వేసి, వైట్ స్పాట్ జబ్బు దెబ్బకు రెండు పంటలు పోగొట్టుకుని, మళ్లీ వేస్తున్నాడు. మోటారు సామాను కోసం నన్ను పినాకిని రైలు ఎక్కించి మద్రాసు పంపించాడు. సామాను కొనగా మిగిలిన డబ్బులతో బర్మాబజార్‌లో ఒక క్యాసెట్ కొన్నాను. అట్ట మీద ఈజిప్టు గుడి, మధ్యలో సింహాసనం మీద ఫారో వేషంలో దయ్యం. ఏదో దేవుడి పాటలనుకుని కొన్నానని ఇంట్లో చెప్పాను. (నవ్వులు) అది ఐరన్ మెయిడెన్ వాళ్ల 'పవర్‌స్లేవ్'. 1984 ఆల్బం. మా నాయన ఒక్క పాట విని "ఏందిరా అబ్బయ్యా ఈ గోల, మోటారు బేరింగు పోయినట్టుంది" అన్నాడు. ఇన్నేళ్లలో హెవీ మెటల్ మీద అంతకంటే మంచి సమీక్ష నేను వినలేదు.

ఆ క్యాసెట్లో ఆఖరి పాట పదమూడు నిమిషాలు పైనే. మధ్యలో పాట ఆగిపోతుంది. చెక్క ఓడ కిర్రు కిర్రుమని మూలిగే చప్పుడు, ఎవరో గొణుగుతున్నట్టు మాటలు, కింద బేస్ గిటారు ఒక్కటే. గాలి లేక ఓడ నడిసముద్రంలో నిలిచిపోయిందన్నమాట. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. రివైండు కొట్టి కొట్టి, వినపడిందల్లా రఫ్ నోట్సు వెనక రాసుకునేవాణ్ణి. ఒకరోజు క్లాసులో మా ఇంగ్లీషు లెక్చరర్ ఆ నోట్సు లాక్కున్నారు. అయిపోయాను అనుకున్నా. ఆయన చదివి, "ఇది కోల్రిడ్జ్ రా. ఎన్షియంట్ మారినర్. 1798. నువ్వు సగం తప్పు రాశావు" అని దిద్ది ఇచ్చారు. రెండొందల ఏళ్ల నాటి పద్యాన్ని ఈ జుట్టు పోలిగాళ్లు పాడుతున్నారా అని నాకు మతి పోయింది.

అప్పుడే ఆ పద్యం చదివుంటే బాగుండేది. చదవలేదు. చదువుదాంలే అనుకున్నాను. తర్వాత ఇరవై ఏళ్ల పైన నేను చేసిందంతా అదే, చదువుదాంలే అనుకోవడం. ఎగ్జిబిషన్‌లో పుస్తకాల షాపు కనిపిస్తే వదిలేవాణ్ణి కాదు. అల్పజీవి కొన్నా, చివరకు మిగిలేది కొన్నా, మాలపల్లి కొన్నా. మంచం కింద ట్రంకు పెట్టెలో వేసేవాణ్ణి. ఎలుకలు నాకంటే ముందు చదివాయి. పాటలు మాత్రం వదల్లేదు. 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ వాళ్లు బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వస్తే, రొయ్యల పట్టుబడి పక్కవాళ్లకు అప్పజెప్పి రాత్రి బస్సెక్కి పోయాను. 'ఫియర్ ఆఫ్ ద డార్క్'కు వేలమంది ఒక్క గొంతుతో రాగం తీస్తుంటే, ఆ గుంపులో నెల్లూరోణ్ణి నేనొక్కణ్ణేనా అని అటూ ఇటూ చూశాను. నా వెనకాల ఎవడో "ఒరేయ్, కాలు తొక్కుతుండావు" అన్నాడు. (నవ్వులు, చప్పట్లు) ఉన్నారు మనోళ్లు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. ఇది చెప్పాలంటే నాకు సిగ్గే, అయినా చెప్తా.

మూడేళ్ల కింద వేసవి పంట. విడవలూరు అవతల నాకు రెండు గుంటలు. రొయ్యల మీద లేనివాళ్లకు ఒక్క మాట చెప్పాలి. పగలు నీళ్లలో ఉండే పచ్చదనం ఎండకు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అది కూడా రొయ్యతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకని తెల్లవారుజాము మూడు నుంచి ఆరు లోపల డీవో, అంటే నీళ్లలో కరిగి ఉండే ఆక్సిజన్, బాగా పడిపోతుంది. నాలుగు ఉంటే నిద్రపోవచ్చు, మూడుకు దిగితే టెన్షన్. అందుకే రాత్రంతా ఏరేటర్లు నీళ్లు చిలుకుతూనే ఉండాలి. కరెంటు పోతే జనరేటర్ వేయాలి. రాత్రి కాపలా అంటే దొంగల కోసం కాదు, ఆ చప్పుడు ఆగిందా లేదా అని వినడం కోసం.

ఆ రోజు కాపలా కుర్రాడు పెళ్లికని ఊరికి పోయాడు. నేనే ఉన్నాను. షెడ్డులో నులక మంచం మీద పడుకుని, కళ్ల మీద తువ్వాలు కప్పుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. నిద్ర పోకూడదని బాగా గట్టి ఆల్బం పెట్టాను. మెటాలికా వాళ్ల 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'. 1986. ఎనిమిది పాటలు, దగ్గర దగ్గర 55 నిమిషాలు. నిద్రయితే పోలేదు. ఎనిమిదో పాట అయింది, ఇయర్‌ఫోన్లు తీశాను. దూరంగా పక్కవాళ్ల జనరేటర్లు మోగుతున్నాయి. మన గుంట దగ్గర కప్పలు అరుస్తున్నాయి. కప్పలు వినపడుతున్నాయేంది అనుకున్నా. ఒక్క క్షణం పట్టింది నాకు అర్థం కావడానికి. కరెంటు ఎప్పుడో పోయింది. మొదటి పాటలో పోయిందో, నాలుగో పాటలో పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.

టార్చి వేసుకుని పరిగెత్తాను. గట్టు వెంబడి రొయ్యలు పైకి తేలి, మీసాలు నీళ్ల బయట పెట్టి, గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. టార్చి వెలుగు పడితే కళ్లు నిప్పుకణాల్లాగా మెరుస్తాయి. మామూలుగా అది చూడముచ్చటగా ఉంటుంది. ఆ రోజు కాదు. జనరేటర్ వేసేసరికి ఆలస్యం అయిపోయింది. తెల్లారి వల లాగితే ఒక గుంటలో సగానికి పైగా అడుగున తెల్లగా పడున్నాయి. యాభై కౌంటుకు, అంటే కిలోకు యాభై రొయ్యలు తూగేదాకా, వస్తున్న పంట. నా భార్య గట్టు మీద నిలబడి ఒక్క మాటే అనింది. "చెవులు మూసుకుని కాపలా కాసేదానికి నువ్వెందుకయ్యా? దిష్టిబొమ్మ చాలు కదా."

ఆ రోజు నుంచి రాత్రిపూట పాటలు బంద్. కానీ రాత్రి పోవాలి కదా. ఫోన్ చూస్తే నిద్ర ఆగదు, కళ్లు మంటలు. అప్పుడు ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. పుస్తకంతో ఒక సుఖం ఉంది. చదువుతుంటే చెవులు ఖాళీగా ఉంటాయి. ఏరేటర్ చప్పుడులో రవ్వంత తేడా వచ్చినా తల పైకి లేస్తుంది. బెల్టు వదులైతే కూడా నాకు పేజీ మధ్యలో తెలిసిపోతోంది ఇప్పుడు.

మొదట ఏం చదవాలి? నేను బాకీ లెక్క వేసుకున్నాను. ఇన్నేళ్లు విన్న పాటల్లో సగం పుస్తకాల్లోంచి వచ్చినవే. ముందు ఆ బాకీలు తీరుద్దాం అనుకున్నా. మొదటిది కోల్రిడ్జ్. పక్కన డిక్షనరీ పెట్టుకుని వారం రోజులు పట్టింది. ఏడు భాగాలు. పెళ్లికి పోతున్నవాణ్ణి ఒక ముసలి నావికుడు దారిలో ఆపి, చెయ్యి పట్టుకుని, తను చేసిన పాపం చెప్తాడు. ఊరికే ఒక పక్షిని చంపాడు. దాంతో గాలి పడిపోయింది, ఓడ నిలిచిపోయింది, తోటివాళ్లందరూ పోయారు. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు అని ఒక మాట ఉంది, పాటలోనూ అదే పెట్టారు. అది చదివి తలెత్తి చూస్తే నా చుట్టూ నాలుగు దిక్కులా ఉప్పునీళ్లు, మూలన తాగే నీళ్ల క్యాను ఖాళీ. (నవ్వులు) ఒట్టు, నిజం. ఇంకో సంగతి, తను చేసిన తప్పు కనపడ్డవాడికల్లా చెప్పుకుంటూ తిరగడమే ఆ ముసలాయనకు పడిన శిక్ష. నేను ఇప్పుడు ఇక్కడ చేస్తున్నది అదేనేమో.

తర్వాత మెటాలికా బాకీ. వాళ్లది 'వన్' అని పాట, 1988 ఆల్బంలోది. డాల్టన్ ట్రంబో 1939లో రాసిన 'జానీ గాట్ హిజ్ గన్' నవల మీద కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక కుర్రాడికి కాళ్లు, చేతులు, మొహం అన్నీ పోయి, మెదడు మాత్రం మిగిలి ఉంటుంది. పాట మెల్లగా మొదలై, సగం దాటాక డ్రమ్ములు మిషన్‌గన్ లాగా కొడతాయి. ఇరవై ఏళ్లు ఆ డ్రమ్ముల కోసమే విన్నాను. నవల చదివాక డ్రమ్ములు కాదు, ఇంకోటి మిగిలింది. ఆసుపత్రిలో కొత్తగా ఒక నర్సు వస్తుంది. వీడికి చూపు లేదు, వినికిడి లేదు. ఆమె వాడి ఛాతీ మీద వేలితో ఒక్కొక్క అక్షరమే రాస్తుంది. మెర్రీ క్రిస్మస్ అని. వాడు అక్షరం అక్షరం కూడబలుక్కుంటాడు. ఆ రాత్రి ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. లేచి పోయి మేత ట్రేలు చూసుకుని వచ్చాను, మళ్లీ అదే పేజీ చదివాను. అ ఆలు నేర్చుకునేటప్పుడు మా అమ్మ నా అరచేతిలో ఇట్లాగే రాసి చూపించేది.

హెమింగ్వేది చదివాను, బాగుంది, దాని గురించి పెద్దగా చెప్పను. తిమింగలం వేట మీద రాసిన 'మోబీ డిక్' నవల మాత్రం నన్ను చంపింది. అమెరికాలో మాస్టడాన్ అని బ్యాండు 2004లో 'లెవియాథన్' అని ఆల్బం తెచ్చింది, అందులో చాలావరకు ఆ తిమింగలం కథే. ఆల్బం ముక్కాలు గంటలో అయిపోతుంది. నవల 135 అధ్యాయాలు. అందరూ 32వ అధ్యాయం దగ్గర పుస్తకం మూసేస్తారట. అందులో తిమింగలాల రకాలన్నీ ఏకరువు పెడతాడు. నాకు అదే నచ్చింది! ఎందుకంటే ఆయన తిమింగలాలను పుస్తకాల సైజుల్లో విడదీస్తాడు. పెద్ద సైజు పుస్తకం ఒక జాతి, మధ్య సైజు ఒక జాతి, చిన్నది ఒక జాతి. లైబ్రేరియన్ గారూ, ఆ మనిషి మీ వాడా మా వాడా? మేం ముప్పై కౌంటు, యాభై కౌంటు, వంద కౌంటు అని రొయ్యను విడదీసినట్టే ఉంది. ఆ పుస్తకం నాకు నాలుగు నెలలు పట్టింది. ఒక పంట కాలం.

ఇంకో ముచ్చట. ఐరన్ మెయిడెన్ వాళ్లు 1983లో 'డ్యూన్' నవల మీద ఒక పాట కట్టి, ఆ పేరే పెట్టుకుంటామని అడిగితే, రచయిత ఫ్రాంక్ హెర్బర్ట్ తరఫున జవాబు వచ్చిందట, ఆయనకు రాక్ బ్యాండులంటే గిట్టదు, అందులోనూ మీలాంటి బ్యాండులంటే అసలు గిట్టదు అని. పేరు మార్చి వేసుకున్నారు. ఆ నవల నేను చదవలేదు, ఆయన మీద కోపం ఇంకా తగ్గలేదు. (నవ్వులు)

మధ్యలో ట్రంకు పెట్టెలో తెలుగు పుస్తకాలు కూడా తీశాను, ఎలుకలు వదిలిపెట్టినంత వరకు. మెటల్ వినేవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది, ప్రతిదానికీ పక్కన ఒక ఆల్బం కనపడుతుంది. బుచ్చిబాబు గారి 'చివరకు మిగిలేది'లో దయానిధి బాధ మెల్లగా, బరువుగా, కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తుంది. మాలో దాన్ని డూమ్ మెటల్ అంటాం. రావిశాస్త్రి గారి 'అల్పజీవి'లో సుబ్బయ్య కథ ఇట్టే అయిపోతుంది, అయిపోయాక మనమే ఏదో తప్పు చేసినట్టు ఉంటుంది. స్లేయర్ వాళ్ల 'రెయిన్ ఇన్ బ్లడ్' 29 నిమిషాల్లో అయిపోయి అట్లాగే మనల్ని వదిలేస్తుంది. మన కావలి మనిషి ఖదీర్‌బాబు గారి 'దర్గామిట్ట కతలు' చదువుతూ అర్ధరాత్రి షెడ్డులో ఒక్కణ్ణే పగలబడి నవ్వితే పక్క గుంట కాపలా మనిషి టార్చి వేశాడు, "ఏందన్నా, ఎవురితో మాట్లాడతుండావు" అని.

ఆఖరుకు తిక్కన. పోయినేడు ఇక్కడే, ఈ రెండో బీరువా దగ్గర నిలబడి ఉంటే తితిదే వాళ్లు తాత్పర్యంతో వేసిన భారతం కనపడింది. విరాట పర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు మన నెల్లూరు మనిషి రాశాడు. పదమూడో శతాబ్దంలో, మనుమసిద్ధి కొలువులో ఉంటూ. నేను రోజూ పెన్న బ్రిడ్జి దాటి వస్తాను, రంగనాయకుల గుడి గోపురం చూస్తాను, ఒక్క పద్యం కూడా చదవలేదు. బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీ సంగతి తెలుసు, ఇది తెలియదు.

తీసుకుపోయాను. మొదటి రాత్రి ఏం అర్థం కాలేదు. కళ్లతో చదివితే కాదు, గొంతెత్తాలి అని హైస్కూల్లో మా తెలుగు అయ్యవారు అనేవారు. గట్టు మీద వినేవాళ్లెవరూ లేరు కదా అని ఎత్తుకున్నా. విరాట పర్వంలో అర్జునుడు కౌరవ సేన మీదికి వచ్చే చోట పద్యం. "సింగం బాఁకటితో గుహాంతరమునన్..." ఆకలితో గుహలో పడున్న సింహం. ఛందస్సు శార్దూల విక్రీడితం. మొదటి గణం మగణం, మూడు గురువులు. సిం, గం, బాఁ. నేను అక్కడే ఆగిపోయాను. సిం... గం... బాఁ. మళ్లీ అన్నాను. వాన, చర్చి గంట, ఆ తర్వాత అయోమీ మూడు దెబ్బలు. అదే బరువు, అదే నడక. ఏరేటర్ కింద శ్రుతి పట్టినట్టు గుర్రుమంటోంది. ఆ రాత్రి ఆ పద్యం ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. రొయ్యలకు నోటికి వచ్చేసి ఉంటుంది. (నవ్వులు, చప్పట్లు)

యుద్ధ పర్వాలు దాటి ఇప్పుడు సౌప్తికం అయింది. అది రాత్రిపూట చదవకూడనిది, నేను రాత్రే చదివాను. యుద్ధం అయిపోయింది, ఓడిపోయిన అశ్వత్థామకు నిద్ర పట్టడం లేదు. మర్రిచెట్టు మీద వేల కాకులు నిద్రపోతున్నాయి. ఒక గుడ్లగూబ చప్పుడు లేకుండా వచ్చి వాటిని చంపేస్తుంది. అది చూసి వాడికి ఆలోచన వస్తుంది, నిద్రపోతున్న పాండవ శిబిరం మీద పడదామని. ఎంత ఘోరం! కాకపోతే ఇక్కడ నాకో చిక్కు వచ్చింది. కాకి మాకు జన్మ శత్రువు. ఒక గుంటలో జబ్బు రొయ్యను తన్నుకుపోయి ఇంకో గుంటలో పడేస్తుంది, వైట్ స్పాట్ అట్లా పాకుతుంది. కాకులు వాలకూడదని గుంట మీద దారాలు కట్టుకుంటాం. అందుకని ఆ గుడ్లగూబ వచ్చినప్పుడు నేను దాని పక్షం ఉన్నాను, మనసులో శభాష్ అనుకున్నాను. తర్వాతి పద్యాల్లో అశ్వత్థామ శిబిరంలోకి పోయి ద్రౌపది కొడుకులను చంపుతుంటే, నేను ఎవరి పక్షాన నిలబడి ఉన్నానో తెలిసి వెన్ను జలదరించింది. నన్ను అక్కడిదాకా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి వదిలేశాడాయన.

2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లోనే బ్లాక్ సబ్బత్ ఆఖరి కచేరీ చేశారు. ఆ బ్యాండు గాయకుడు ఆజీ ఆస్బోర్న్ నిలబడలేక సింహాసనం మీద కూర్చుని పాడాడు. సరిగ్గా పదిహేడు రోజులకు, 22న, పోయాడు. ఆ వార్త వచ్చిన రోజు పగటిపూట, కరెంటు ఉండగా, కాపలా కుర్రాణ్ణి గట్టు మీద కూర్చోబెట్టి (నవ్వులు), ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ మొదటి ఆల్బం మొత్తం విన్నాను. మూడు స్వరాలు మొదలవగానే నోటికి పద్యం వచ్చింది.

టైమ్ అయిందని సైగ చేస్తున్నారు. నాకూ పదకొండుకు మేత ఉంది, విడవలూరు బస్సు పోతే ఆటో మాట్లాడుకోవాలి. సార్, ఇదిగోండి మీ సంపుటం. పదిహేను రోజులకని తీసుకున్నది, రెండు నెలలు దాటింది. ఫైన్ ఎంతో చూడండి. అట్ట మీద ఆ మరక ఉప్పునీళ్లది, అది కూడా కలిపి రాసుకోండి. శాంతి పర్వం బీరువాలో ఉంటే ఇప్పుడే ఇప్పించండి.